చర్చిల సగమే చెప్పిన సాక్ష్యం

ఆదివారం రాత్రి, మడికొండ

పొద్దున చర్చిల సాక్ష్యం చెప్పిన. దూరం పోయి క్షేమంగ వచ్చినోళ్లు లేచి చెప్పాలె గదా, తప్పించుకోనీకి రాలే. నేను, మా ఆయన చిన్న ఓడల చిలీ దక్షిణం కొసకు పోయినమని, కొండల నడుమకు చొచ్చుకపోయిన సముద్రంల తిరిగినమని, నీలం రంగు మంచుకొండను చూసినమని చెప్పిన. అందరు స్తోత్రం అన్నరు.

ఓడల గైడు అన్న మాట మాత్రం చెప్పలే. ఆయన ఒక నల్ల బండను చూపెట్టి, తను కొలువుల చేరిన కొత్తల మంచు ఆ బండ దాకా ఉండేదన్నడు. ఆ బండ దాటినంక మంచును చేరెటానికి ఓడ దిగి మేమెక్కిన రబ్బరు పడవకు చానసేపు పట్టింది. సంతోషంగ చెప్పుకునే కాడ అదెందుకని మింగేసిన.

ఇంటికొచ్చినంక అత్తమ్మ ఎల్లిగడ్డ పొట్టు తీస్కుంట అడిగింది.

"మంచు కూలుడు గుడ చూసిండ్రట గద బిడ్డా?"

"చూసినం అత్తమ్మా. ఇల్లంత ముక్క కూలింది. ఉరిమినట్టే సప్పుడు."

"అప్పుడు మీరేం చేసిండ్రు?"

"అందరం చప్పట్లు కొట్టినం."

అత్తమ్మ చేతులు ఆగినయ్. "కూలితే అయ్యో అనరా?" అన్నది. కోపంగ అనలే, నిజంగనే తెల్వక అడిగింది.

ఇప్పుడే మా ఆయన ఫోన్ల ఆ వీడియో మల్ల పెట్టుకోని చూసిన. మంచు ఇంక నీళ్లల్ల పూర్తిగ పడనే లేదు, ఎవరో ఒక్కరు చప్పట్లు మొదలువెట్టిండ్రు, చప్పట్లతోని గాజులు గుడ గలగలమన్నయ్.

ఆ గాజుల సప్పుడు నాదే.