హార్డ్ డిస్కులో అవ్వ పాటలు

పొల్లాచ్చి

చిరంజీవి చారులతకు మామ జగన్నాథన్ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం, కంప్యూటరు తప్ప. మన కొబ్బరి మండి పనంతా ఉండే 'సి' భాగం నిండిపోయింది. పక్కన 'డి' భాగం కాళ్లు చాపుకుని పడుకుంది. ఏం చెయ్యాలి? ఫోన్లో వద్దు, నువ్వు గబగబా చెప్తే నా బుర్రకెక్కదు. రాసి బస్సు కండక్టరు వీరప్ప చేతికివ్వు.

ఇట్లు,
మామ

తుడియలూరు

మామగారికి చారులత నమస్కారాలు.

పెన్‌డ్రైవ్‌లో జీపార్టెడ్ పంపుతున్నాను. డిస్కు భాగాల హద్దులు జరిపే సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం, లోపల ఎలా రాశారో కూడా ఎవరైనా చూడొచ్చు. కంప్యూటరును దాన్నుంచే తెరవండి. 'డి'ని కుదించి, పక్కకు జరిపి, మిగిలిన చోటు 'సి'కి కలపండి. అన్నిటికన్నా ముందు 'డి'లో ఉన్నవి వేరేచోట కాపీ చేసుకోండి.

మీ చారు

తా.క.: అత్తను అడగకుండా ఏదీ తీసెయ్యకండి.

పొల్లాచ్చి

చారూ, దీవెనలు.

పైసా తీసుకోకుండా సుమ్మా ఇచ్చి, పైగా తయారీ గుట్టు కూడా చెప్పేవాళ్లుంటారా? ఇక్కడ చట్నీ గుట్టే ఎవరూ చెప్పరు! కుదించడం, జరపడం ఎందుకని 'డి'ని మొత్తం తీసేశాను. ఆ చోట బూడిద రంగు పట్టీ వచ్చింది, ముచ్చటగా ఉంది. ఏమీ లేనిదానికి కాపీ ఎందుకు?

ఇట్లు, గెలిచిన మామ

తా.క.: అవ్వ పాటలు ఎక్కడున్నాయని మీ అత్త పొద్దున్నుంచీ అడుగుతోంది. నీకేమైనా తెలుసా?

తుడియలూరు

మామా!

అవి 'డి'లోనే ఉన్నాయి! అవ్వ పోయే ముందు మంచం పక్కన కూర్చుని నేనే రికార్డు చేశాను. మనింటి తెలుగులో పాడిన నలుగు పాటలు, ఇంకెక్కడా లేవు. దేన్నీ ముట్టుకోకండి. పోయినవి వెతికే సాఫ్ట్‌వేర్ తీసుకుని ఆదివారం వస్తున్నాను. నాకు ఏడుపొస్తోంది.

చారు

తా.క.: అత్తకు మాత్రం చెప్పకండి.

పొల్లాచ్చి

బంగారు చారుకు అత్త చెల్లమ్మాళ్ ముద్దులు.

వీరప్ప నీ ఉత్తరం నా చేతికే ఇచ్చాడు. చదివి మీ మామను నిలబెట్టి అడిగాను. "చివర్న 'అప్లయ్' నొక్కితేనే కదా నిజంగా పోయేది! ఇది ఆడి నెల. ఆడిలో కొత్త పని ఎవరైనా మొదలుపెడతారా? అన్నీ వరసగా సిద్ధం చేసి ఆపాను. వచ్చే నెల ఆవణి పుట్టాక నొక్కుతా" అన్నారు. ఆ ముక్క నీకు రాయాలని మాత్రం తోచలేదట!

పెన్‌డ్రైవ్ పీకేసి కంప్యూటరు మళ్లీ తెరిచాం. 'డి' ఎక్కడికీ పోలేదు. అవ్వ గొంతు వినగానే మీ మామ తుండుతో ముఖం కప్పుకున్నారు. నేనూ ఏడ్చేశాను.

నీ అత్త

తా.క.: పాటలు కాపీ చేసుకోవడం కూడా కొత్త పనే కదా, ఆవణి దాకా ఆగుదామా అని మీ మామను అడిగాను. "అమ్మకు ఆడి ఏమిటే, ఇప్పుడే చెయ్యి!" అన్నారు.