కొత్తపేట విదుషీమణి

కొత్తపేట,
12-8-1997

మహారాజశ్రీ బావగారు మాణిక్యాలరావుగారికి,

కేశవరావు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. మా వాణి మీ ఇంటి కోడలై ఏడాది దాటినా, మనిద్దరికీ చుట్టరికం కలిసింది మాత్రం మొన్న మీరు కేసెట్టు పంపాకేనండీ. తాటిపాక గ్యాసు ప్లాంటులో పంజాబీ ఇంజనీరు దగ్గర సంపాదించిన ఆ డోలు పాటలు నాలుగుసార్లు విన్నాను. నలభై ఏళ్లుగా శాస్త్రీయ సంగీతం తప్ప వినని మనిషిని. భాష ఒక్క ముక్క తెలియలేదు గాని, పడక్కుర్చీలో నా కాలు నన్నడక్కుండానే ఆడింది. రొయ్యల చెరువుల మధ్య ఉంటూ ఇంత మంచి చెవి ఎలా సంపాదించారండీ!

ఇప్పుడు నా వంతు. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో పాతకాలపు విదుషీమణి ఒకావిడ కచేరీ ఉందన్నారు. సరిగ్గా అప్పుడే పింఛనుదారుల మీటింగు. టూ-ఇన్-వన్‌లో రికార్డు బొత్తాం నొక్కి వెళ్లిపోయాను. మొదట మీరే వినాలని, నేను వినకుండానే పంపుతున్నాను.

ఇట్లు,
మీ బావ, కేశవరావు

తా.క. ఆవిడ గాంభీర్యానికి భయపడకండి. మొదటి అరగంట ఓర్చుకుంటే తరువాత అలవాటవుతుంది.


అల్లవరం,
20-8-1997

పూజ్యులైన బావగారికి,

మాణిక్యాలరావు అనేక నమస్కారాలు.

ఓర్చుకోవడమేమిటండీ! కళ్లు తుడుచుకుంటూ విన్నాను. చెరువు గట్టు మీద షెడ్డులో పెట్టాను. మొదటిదే జోలపాట. మేత కలుపుతున్న మా సత్తియ్య చేతులాపేసి, "ఎవరండీ ఈవిడ? మా అమ్మ పాడినట్టే ఉందండి" అన్నాడు. ఆ వెంటనే ఊడ్పుల పాట, దాని వెనకే ఈ మధ్య వచ్చిన సినిమా పాట. అన్నీ ఒకే గొంతులో, ఎక్కడా అతుకు తెలియకుండా! శాస్త్రీయమంటే ఇన్నాళ్లూ ఆమడ దూరంలో ఉన్నాను. ఇదేనని తెలిస్తే ఎప్పుడో వచ్చి మీ అరుగు మీద కూర్చుందును.

ఒక్క సందేహం. మృదంగం ఎవరిదండీ? గరగరమని, రాయి మీద రాయి తిప్పినట్టుంది. కొత్తగా ఉంది.

ఇట్లు,
మీ మాణిక్యాలరావు

తా.క. మధ్యలో ఆవిడ "హుష్! పో!" అని గట్టిగా కసిరారు. ఫిడేలాయన ఏమైనా తప్పు వాయించాడా అండీ?


కొత్తపేట,
27-8-1997

శ్రీ మాణిక్యాలరావుగారికి,

ఉత్తరం అందింది. నచ్చకపోతే నచ్చలేదని రాయవచ్చు. ఆ మహాతల్లి జన్మలో సినిమా పాట పాడి ఎరగదు. ఆవిడకి మృదంగం వాయించినాయన ముందు పెద్దపెద్దవాళ్లు చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఆయన వాద్యం మీకు రాయిలా వినిపించిందా? నిండు సభలో ఆవిడ "హుష్, పో" అన్నారా? మీ డోలు పాటలకి నా కాలు ఆడిందని దాచకుండా రాశానే, నేనేమైనా వెక్కిరించానా?

వచ్చే నెల వాణిని తీసుకుని వస్తామన్నారు. తప్పక రండి. సంగీతం ఊసు మాత్రం మన మధ్య వద్దు.

ఇట్లు,
కేశవరావు

తా.క. మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. సగంలో లేచి, మొహం అటు తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడకే అంత కష్టం కలిగింది.


అల్లవరం,
2-9-1997

బావగారికి,

మీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదండీ. నేను వెక్కిరించడమా? వాణితో చెబితే, "పాటల దగ్గర మా నాన్నగారికి కోపం ఎక్కువండి మావయ్యగారూ, మీరే తగ్గండి" అంది. తగ్గుతాను. కానీ విన్నది వినలేదని ఎలా అననండీ? కేసెట్టు తిప్పి పంపుతున్నాను. మీరే ఒక్కసారి వినండి. ఆ తరువాత నన్నేమన్నా పడతాను.

ఇట్లు,
మీ మాణిక్యాలరావు

తా.క. క్షమించాలి. పంపేముందు ఒక కాపీ తీయించుకున్నాను. ఆవిడ పాడకపోతే సత్తియ్య పనిలోకి రానంటున్నాడు.


కొత్తపేట,
9-9-1997

ప్రియమైన బావగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలెట్టి చించేశాను. తప్పంతా నాది. జోలపాట సగమయ్యేసరికి గొంతు పోల్చుకున్నాను. మా ఆవిడండీ. మా సూర్యావతి!

నేను నొక్కిన బొత్తాం సరైనదే గాని, పక్కనున్న మీట రేడియో వైపు తిప్పలేదు. అది కచేరీని వదిలేసి, తన లోపలున్న మైకుతో మా వంటింటిని రికార్డు చేసింది. మీరు మెచ్చిన మృదంగం గారెల పప్పు రుబ్బుతున్న రోలు. తప్పు వాయించిన ఫిడేలాయన కాకి.

వెళ్లి అడిగాను. "ఎప్పట్నుంచి పాడుతున్నావు?"

"మన పెళ్లికి ముందు నుంచీనండి."

"మరి నా ముందు ఒక్కసారీ పాడలేదేం?"

"మీరు ఇంట్లో ఉన్నంతసేపూ రేడియోలో ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు కదండీ. మధ్యలో నేనెందుకని" అంది, కోపమేమీ లేకుండానే. మా పెళ్లయి ఎన్నేళ్లనుకున్నారు బావగారూ? ముప్పై నాలుగేళ్లు! మళ్లీ తనే, "అన్నయ్యగారు రాసిన ఆ ఉత్తరం ఇంకోసారి చదువుతారా?" అంది. చదివాను. "ఎక్కడా అతుకు తెలియకుండా" అన్నచోట మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

మీరు త్వరగా రండి. సంగీతం ఊసు తప్ప మరోటి మన మధ్య వద్దు.

ఇట్లు,
చెవులుండీ వినని మీ బావ,
కేశవరావు

తా.క. ఎదురుగా కూర్చుంటే పాడలేనంది, సిగ్గట. అందుకని రోజూ సాయంత్రం చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లి, గేటు చప్పుడయ్యేలా వేసి, పెరటి దారిన వచ్చి వంటింటి కిటికీ కింద పీట వేసుకుని కూర్చుంటున్నాను. నాలుగు రోజులు బాగానే గడిచింది. నిన్న రెండో పాట అయ్యాక, కిటికీలోంచి కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యొకటి బయటికి వచ్చింది.