ఈసారి దండోరా లేదు

మెంఫిస్, ఆదివారం

చెల్లీ వెర్లీన్, దేవుని దయవల్ల కులాసా.

కాలేజీ రోజుల్లో నన్ను చేర్చుకోమన్న అమ్మాయిల సోదరీ సంఘానికి, చదువు ముగించిన పెద్దవాళ్ళ శాఖ కూడా ఉంది. చేర్చుకోమని మళ్ళీ అడగనా వద్దా అని నెలగా ప్రార్థిస్తున్నాను. చేరాలనుకునేవాళ్ళు ఆ మాట బయట పెట్టకూడదు కదా. అప్పట్లో అమ్మ చర్చి అంతా చాటింది, అందుకే కాదన్నారు.

ఇవాళ ఆరాధన అయ్యాక ఆ శాఖ పెద్ద మిస్ హాటీ, నా ఆలోచన పసిగట్టినట్టు, నా చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మా, ఈసారీ మీ అమ్మ చేత దండోరా వేయిస్తావా?"

"లేదు పెద్దమ్మా, ఆమెకు చెప్పనే లేదు."

"అయితే దరఖాస్తు కాగితాలు పెట్టు."

పెడుతున్నాను. నా డిగ్రీ పట్టా అమ్మ పెట్టెలో ఉంది, ఆమెకు తెలియకుండా తీసి పంపు. ఆమె మోకాలు ఎలా ఉంది?

ఇది ఎవరైనా చదవగల పోస్టుకార్డని ఇప్పుడు గుర్తొచ్చింది. మన ఊరి పోస్టాఫీసు డోరెతా గారూ, మీరు చదివేసి ఉంటారు. దేవుడు మిమ్మల్ని దీవించి, మీ నోటికి కావలి ఉంచును గాక.

అక్క,
ఇర్మా