సోలార్ మోటారుకు మన కంట్రోలర్

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కరీంనగర్‌లో మన కంపెనీ ఇప్పుడు బోరు మోటార్లకు స్టార్టర్లు చేయడం లేదు. రైతులు సోలార్ మోటార్ల వైపు మళ్లుతున్నారు కదా, ఆ మోటార్లను నడిపే కంట్రోలర్లే చేద్దామని నిర్ణయించాను. మొదటినుంచీ నీతో పనిచేసిన రాజయ్య మామ ఒప్పుకోలేదు.

"గీ వయసుల నాకు కొత్త పని ఎట్లొస్తది బిడ్డా? ఇంటికి పొమ్మంటున్నవా?" అన్నాడు.

"ఎవ్వర్ని పంప మామా. అందరం కలిసి నేర్సుకుందాం" అన్నాను.

ఆరు నెలలు నేర్చుకున్నాం. మేం చేసిన మొదటి రెండూ కాలిపోయాయి. మూడోదాన్ని నిన్న ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో లక్ష్మక్క అనే రైతు చేనులో బిగించాం. ఎండ ఎక్కుతుండగానే మోటారు అందుకుంది, పైపు నిండా నీళ్లు దుమికాయి. లక్ష్మక్క దుబాయిలో ఉన్న భర్తకు వీడియో కాల్ చేసింది.

"నీళ్లొస్తున్నయ్ జూడు! మిషిన్ జేసింది గీయనే" అంటూ ఫోను మామ వైపు తిప్పింది.

మామ తడిచేతులు చొక్కాకు తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు.

"మా బావ పెట్టిన కంపెనీల జేసినం. ఇంక పది ఊళ్లకు జేస్తం" అన్నాడు.

నేను పైపు దగ్గరికి వెళ్లి, ఆ నీళ్లతో చాలాసేపు మొహం కడుక్కున్నాను బాపూ.