చిన్న అక్షరంతో రాసిన పేరు

శ్రావణ శుద్ధ పంచమి, రాజమహేంద్రవరం

నిద్ర ఎలాగూ రాదు.

మా చేలకు రావలసిన నీళ్లను కాలవల కచేరీ హెడ్ గుమస్తా వీరభద్రయ్య తన బావమరిది పొలానికి మళ్లించాడని ఆ కచేరీ దొరకు ఇంగ్లీషులో అర్జీ రాశాను. అందులో ప్రతి మాటా నిజం. మనిషి పేరు పెద్ద అక్షరంతో మొదలవ్వాలని నాకు తెలియక కాదు. వాడికంటే ఎక్కువ పుస్తకాలే చదివాను. కావాలనే వాడి పేరు వచ్చిన ప్రతిచోటా చిన్న అక్షరం పెట్టాను. కాలవకూ, దాహంతో ఉన్న మా ఎద్దులకూ మాత్రం పెద్దదే పెట్టాను. బడిలో నా ఇంగ్లీషు చూసి నవ్వినవాడికి అదే తగిన శాస్తి అనుకున్నాను.

సాయంత్రం మా అబ్బాయి కామేశం అర్జీ ఇచ్చి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“అది వీరభద్రయ్యగారి చేతిలోనే పడింది నాన్నగారండీ. కోప్పడలేదు. ‘మీ నాన్నగారు ఎద్దులకిచ్చిన గౌరవం నాకివ్వలేదేంటయ్యా’ అని నవ్వారు. రేపు దొరగారికి తనే చూపిస్తారంట.”

కోప్పడినా బాగుండేది. దొర ఆ అక్షరాలు చూసి, ఇదంతా ముసలివాడి అక్కసని అర్జీ అవతల పారేస్తాడు. నారు ఇప్పటికే పసుపెక్కింది. నీళ్లు రాకపోతే ఈ ఏడు ఇంట్లో గింజ ఉండదు.

తెలుగులో రాసి ఉంటే చిన్న అక్షరంతో వాడి పేరును తగ్గించడానికి నాకు చోటే దొరికేది కాదు. దొరకు నీళ్ల సంగతే కనిపించేది.

తెల్లవారకముందే వీరభద్రయ్య ఇంటికి వెళ్లి అర్జీ వెనక్కి అడగాలి. ఇందాక వీధి తలుపు గడియ తీశాను కూడా. వాడు మళ్లీ నవ్వుతాడేమోనని వేసేశాను.