కవరు తియ్యని కంప్యూటరు

ఏవండీ,

ఆ కొత్త కంప్యూటరుకి నిప్పంటుకుని, అదే గదిలో పడుకునే మన బిందుకి ఏమన్నా అవుతుందేమోనని నా భయం. డబ్బాకున్న ప్లాస్టిక్ కవరు కత్తెరతో కోసి తీసేశాను. మళ్ళీ తొడగకండి. రేపు షాపాయన వచ్చి లోపల ఏమన్నా మాడిందేమో చూసేదాకా ఆన్ చెయ్యకండి.

దుమ్ము పడితే పాతదైపోతుందని కవరు తియ్యకుండానే గేములు ఆడుతున్నారు. మరి లోపలి ఫ్యాన్లకి గాలెక్కడిది? ఆట మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ కరెంటుని తిట్టారు, స్టెబిలైజరు మార్చారు, చివరికి దిష్టని నిమ్మకాయ కట్టారు. పెనంలా కాలుతున్న డబ్బా మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూశారా? ఇంజనీరింగ్ చదివిన బుర్ర మరి!

పొద్దున షాపాయనకి నేనే ఫోన్ చేశాను. “కవరు తీశారామ్మా?” అన్నాడు మొదటి మాటే. “లేదండి” అంటే ఒకటే నవ్వు. తొమ్మిదో తరగతితో ఆపేసినదాన్ని, నాకు తెలియక ఉంచేశానని చెప్పాను. మీ పరువు దక్కింది, సంతోషించండి.

అన్నం, పప్పు వండి పెట్టాను. అమ్మ చెయ్యి విరిగిందట, పెదపారుపూడి వెళ్తున్నాను. సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను.

ఇంద్రజ

చెయ్యద్దంటే ఆగే మనిషి కాదని తెలిసి ఇది కూడా రాస్తున్నాను. నిన్న టీకా వేయించామని బిందుని తీసుకెళ్ళడం లేదు, అత్తయ్యగారి పక్కన పడుకోబెట్టాను. నిద్రమాత్ర వేసుకుంటే ఆవిడకీ మెలకువ రాదు. చెవులకి తగిలించుకున్నవి తీసి, మధ్యమధ్యలో లేచి వెళ్ళి పిల్లని చూడండి.