ఎటువంటి ప్రతిఫలం లేకుండా

సెప్టెంబర్ 3, 2025

నాన్న ఇల్లు నా పేరు మీద రాసేస్తారట. నాకు. అన్నయ్యకి కాదు.

తిత్లీ తుఫానుకి పాత పెంకుటిల్లు కూలాక, చెన్నైలో సెంట్రింగ్ పనిచేసిన డబ్బుతో ఆయన కట్టిన ఇల్లు ఇది. స్వార్జితం. ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. అయినా మణిదీప్ అన్నయ్య నోరెత్తలేదు. వాకిట్లో కొబ్బరికాయల వాటా దగ్గర పేచీపడి నాతో మాట్లాడడం మానేసిన మనిషి, ఇల్లు పోతుంటే ఊరుకున్నాడు. సంతోషం రావాలి కదా. భయమేసింది.

సెప్టెంబర్ 4

అమ్మ నాకు రెండు గుడ్లు పెట్టింది. అన్నయ్యకి ఒకటి.

సెప్టెంబర్ 9

పలాసలో నాన్నకి డయాలసిస్ అయ్యాక, అటునుంచటే కాశీబుగ్గలో దస్తావేజులు రాసే నారాయణరావు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఓపిగ్గా చెప్పారు. వీలునామాకైతే స్టాంపు ఖర్చుండదు, కానీ నాన్న తర్వాతే అమలవుతుంది, ఈలోగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ అయితే రిజిస్టరైన రోజే ఇల్లు నాది, మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. తండ్రి కూతురికిచ్చిన ఇంటికి ఇన్‌కమ్ టాక్స్ లేదు. బతికున్నన్నాళ్ళూ అమ్మా నాన్నా అందులోనే ఉండేలా షరతు మాత్రం రాయించుకోమన్నారు. మీ అమ్మాయి గెంటీదు గానీ, రేపొద్దున్న అల్లుడు ఎలాటోడొత్తాడో ఏటో అని నవ్వారు కూడా. నాన్న నవ్వలేదు.

తర్వాత డ్రాఫ్ట్ చదివారు. ప్రేమాభిమానాలతో, ఎటువంటి ప్రతిఫలం లేకుండా...

అమ్మ మధ్యలో ఆపింది. అదేటి బాబూ, ఏటీ లేకండా అని రాసీనారు, పిల్ల కిడ్నీ ఇత్తంది కదా, అదీ రాయండి, ఊరికే తీసీసుకుందని రేపు దాని అన్న కోర్టుకెక్కకండా ఉంతాది అంది.

నా కిడ్నీ.

ఆగస్టులో విశాఖలో నా రక్తం తీసింది క్రాస్ మ్యాచ్‌కట, నా కిడ్నీ నాన్నకి సరిపోతుందో లేదో చూడ్డానికి. నేను మామూలు కిడ్నీ స్క్రీనింగ్ అనుకున్నాను. మా ఊళ్ళో ఎప్పుడూ ఎవరికో ఒకరికి తీస్తూనే ఉంటారు కదా.

నారాయణరావు గారు పెన్ను మూసేశారు. గొంతు తగ్గించి అన్నారు: అమ్మా, ఈ మాట ఇక్కడంటే అన్నారు, ఇంకెక్కడా అనకండి. ఏదో పుచ్చుకుని కిడ్నీ ఇత్తే అమ్ముకున్నట్టే, జైలే. కాయితంలో రాయకపోయినా, ఇచ్చే మనిషి పేరు మీద ఇప్పుడే ఇల్లు మారిందని తెలిస్తే కిడ్నీ మార్పిడి కమిటీ వాళ్ళు ఆపరేషన్‌కి పర్మిషన్ ఇవ్వకపోవచ్చు.

నాన్న నా మొహం చూశారు. దాన్ని అడగనేదేటి అని అమ్మని అడిగారు. అడిగితే ఏటంతాదోనని, అంది అమ్మ.

సెప్టెంబర్ 10, ఉదయం 6

అమ్మకి షుగర్, పనికిరాదన్నారు. అన్నయ్యని రజని వదిన టెస్టుకే పంపలేదట. సంటిపిల్లోడి తండ్రి, ఆయనకేటైనా అయితే మాకు దిక్కెవులు అందట. నాకు సంటిపిల్లలు లేరు. అదీ నా అర్హత.

మా ఉద్దానంలో ఈ కిడ్నీ రోగం ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. రెండూ ఉన్నవాళ్ళకే పాడవుతున్నాయి. ఒక్కదానితో నేను ఇక్కడే, ఈ నీళ్ళే తాగుతూ, ఎన్నాళ్ళు? మ్యాచ్ అయిందంటే నాది నాన్న దానిలాంటిదనేగా? అయితే నాకూ వస్తుందా?

డాక్టర్‌ని అడగాలి. అడగడానికే భయంగా ఉంది.

సెప్టెంబర్ 12

ఎవరూ ఏమీ అడగడం లేదు.

సెప్టెంబర్ 15

నాన్న పాదాలు వాచాయి. చెప్పులు పట్టలేదు. రిజిస్ట్రేషనూ వొద్దు, ఏటీ వొద్దు, మెషీను మీదే బతుకుతాను, పిల్లనొగ్గీండి అంటున్నారు.

అన్నయ్యకి హుషారొచ్చింది. కాయితం నేకపోతే నాన్న తరవాత అమ్మకీ, నాకూ, దానికీ సమానంగా వాటాలే కదా అన్నాడు. నాన్న ఎదురుగానే. ఆయన జావ తాగుతూ విన్నారు. రజని వదిన తలుపు చాటునుంచి, మా మరదలికి సదువెక్కువ, పేనం మీద తీపీ ఎక్కువే అంది.

ఇల్లు నాకొద్దు, అమ్మ పేరు మీద రాయండి అన్నాను.

అంతే అన్నాను. రెండో మాట అనలేదు. కానీ అమ్మ ఏడ్చేసింది. నాన్న జావగిన్నె కింద పెట్టి తల వంచుకున్నారు. వదిన లోపలికి వెళ్ళిపోయింది. కిడ్నీ ఊరికే ఇస్తానని, నేను అనని మాట అందరూ విన్నట్టే ఉన్నారు. లేదు, నేనలా అనలేదు అని చెప్పాలనుకున్నాను. జావగిన్నె తీసుకెళ్ళి కడిగాను.

సెప్టెంబర్ 22

ఇల్లు అమ్మ పేరు మీద రిజిస్టరైంది.

ఆఫీసు మెట్లు దిగగానే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. బస్సులో ఫ్రీ టికెట్‌కి ఆధార్ తీయడానికి కూడా వదల్లేదు. ఊళ్ళో దిగాక కూడా.

పారిపోతానని భయమేమో.

పారిపోనని నేనూ అనలేదు.